అత్యవసర గర్భనిరోధక మాత్ర తర్వాత గర్భ నిర్ధారణ: అబిడ్స్, నాంపల్లి

అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్నాక గర్భం నిలిచిందో లేదో మూత్రంలోగానీ రక్తంలోగానీ ఉండే హెచ్‌సీజీ హార్మోన్‌ను బట్టి తేల్చుకుంటారు. మాత్ర వేసుకున్న ప్రతి ఒక్కరికీ పరీక్ష అక్కర్లేదు. నెలసరి ఎప్పటిలాగే వస్తే సరిపోతుంది. రావలసిన తేదీ దాటి వారమైనా రాకపోతే, వచ్చినా ఎప్పటికంటే బాగా తక్కువగా వస్తే గర్భ పరీక్ష కిట్‌తో చూసుకోవాలి. తేదీలు సరిగ్గా గుర్తులేనివారు, నెలసరి క్రమం తప్పేవారు కలయిక జరిగిన 21 రోజులకు చూసుకోవాలి.

హైదరాబాద్‌లో అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ రోడ్డు దాకా ఏ మెడికల్ షాపులో అడిగినా దొరికే మాత్రలో ఉండేది లెవోనార్‌జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. 2005 నుంచి దీన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మవచ్చు. 2007లో సిప్లా ‘ఐ-పిల్’ తెచ్చాక, టీవీ ప్రకటనల పుణ్యమా అని ఆ పేరే మందు పేరైపోయింది. వేరే కంపెనీ మాత్ర కొనేవారు కూడా ఐ-పిల్ అనే అడుగుతారు. 2010లో ఆ బ్రాండు పిరమల్ చేతికి వెళ్లింది. కౌంటర్ దగ్గర మాత్రను నల్ల కవర్లో చుట్టి ఇవ్వడంలో చూపే శ్రద్ధ, పరీక్ష ఎప్పుడు చేసుకోవాలో చెప్పడంలో చూపరు. చాలామంది కిట్‌ను కూడా మాత్రతోపాటే కొని, మూడో రోజునే చూసుకుంటారు. అప్పుడు వచ్చే నెగెటివ్‌కు విలువ లేదు.

ఎందుకంటే ఈ మాత్ర ప్రధానంగా అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అప్పటికే అండం విడుదలైపోతే, లేదా ఆ ఘడియ మరీ దగ్గరపడితే, దాని ప్రభావం పెద్దగా ఉండదు. 72 గంటల్లోపు అని డబ్బా మీద రాసి ఉన్నా, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. వీర్యకణాలు ఒంట్లో 5 రోజుల దాకా బతికి ఉండగలవు. అండం ఫలదీకరణ చెంది గర్భాశయానికి అంటుకోవడానికి మరో 6 నుంచి 12 రోజులు పడుతుంది. హెచ్‌సీజీ రక్తంలోకి వచ్చేది ఆ తర్వాతే. మొదట్లో అది రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ, మూత్రంలో కిట్ పట్టుకోగల స్థాయికి, అంటే మిల్లీలీటరుకు సుమారు 25 మిల్లీ యూనిట్లకు చేరాలి. 21 రోజుల లెక్క వచ్చింది ఇలాగే. ఆ లెక్క మొదలయ్యేది కలయిక జరిగిన రోజు నుంచి, మాత్ర వేసుకున్న రోజు నుంచి కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది. అండం విడుదల వెనక్కి జరిగిందంటే ప్రమాదమూ వెనక్కి జరిగిందన్నమాట. మాత్ర వేసుకున్న నాలుగైదు రోజులకు కండోమ్ లేకుండా మళ్లీ కలిస్తే పాత మాత్ర కాపాడదు. 21 రోజులు ఆ కొత్త తేదీ నుంచి మళ్లీ లెక్కించాలి.

మాత్ర వేసుకున్న కొద్ది రోజులకు కొంచెం రక్తం కనబడితే ‘డేట్ వచ్చేసింది’ అని ఊపిరి పీల్చుకునేవారు ఎందరో. అది హార్మోన్ మార్పు వల్ల వచ్చే మరక కావచ్చు, నెలసరి కాకపోవచ్చు. నెలసరి వారం ముందుగానో ఆలస్యంగానో రావడం మామూలే. బొప్పాయి, నువ్వులు తింటే వచ్చేస్తుందన్న సలహా వల్ల ఒరిగేదేమీ లేదు, పరీక్ష ఆలస్యం కావడం తప్ప. మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే కొన్ని మందులు మాత్ర బలాన్ని తగ్గిస్తాయి. అవి వాడేవారు ముందే డాక్టరుకు చెప్పాలి. కాపర్-టీ 5 రోజుల్లోపు వేయిస్తే మాత్రకంటే గట్టిగా పనిచేస్తుంది, ఈ మందుల ప్రభావం దానిమీద ఉండదు.

కిట్ వాడకం సులువే. పొద్దున లేవగానే పట్టిన మూత్రాన్ని డ్రాపర్‌తో గుంటలో మూడు చుక్కలు వేసి 5 నిమిషాలు ఆగాలి. ‘సి’ దగ్గర ఒక్క గీతే వస్తే నెగెటివ్. ‘టి’ దగ్గర కూడా వస్తే, ఎంత లేతగా ఉన్నా పాజిటివే. ‘సి’ దగ్గర గీతే రాకపోతే కిట్ పనిచేయలేదని అర్థం. గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూసి కంగారుపడకూడదు. ఆరిపోయాక తేలే చారకు అర్థం లేదు. లెవోనార్‌జెస్ట్రెల్ ఈ ఫలితాన్ని తారుమారు చేయదు. అనుమానం మిగిలితే వారం తర్వాత మళ్లీ చూసుకోవచ్చు, లేదా బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేయించుకోవచ్చు. ఆశా కార్యకర్తల ద్వారా ప్రభుత్వం ‘నిశ్చయ్’ కిట్లు పంపిణీ చేస్తోంది.

పాజిటివ్ వస్తే అబిడ్స్ వారికి దగ్గరి ప్రభుత్వ వైద్యశాల సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి, నాంపల్లి వారికి రెడ్ హిల్స్‌లోని నీలోఫర్. గర్భం కొనసాగించాలనుకుంటే మాత్ర వల్ల బిడ్డకు హాని ఉంటుందన్న భయం అక్కర్లేదు. నెల తప్పాక పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఆగకూడదు. గర్భం గర్భాశయం బయట నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాపాయం.

గర్భం వద్దనుకుంటే దుకాణంలో మరో ఐ-పిల్ కొనడం దండగ. అది గర్భస్రావ మాత్ర కాదు. గర్భస్రావ మాత్రలు డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. 1971 నాటి గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, గర్భనిరోధకం విఫలమైతే 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు, పెళ్లి కాకపోయినా సరే. కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంటుంది. ఆ అవకాశాన్ని అవివాహితలకు నిరాకరించరాదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 18 ఏళ్లు నిండిన స్త్రీకి భర్త సంతకంగానీ తల్లిదండ్రుల సంతకంగానీ చట్టం అడగదు, ఆమె సమ్మతి చాలు.