నలభై మంది పిల్లలుంటే చాలు: మన గూడేలకు అంగన్‌వాడీ వచ్చిన కథ



మీలో చాలామంది తోటి పిల్లలతో వరుసలో కూర్చుని మొదటిసారి అన్నం తిన్నది అంగన్‌వాడీలోనే. మీ నానమ్మనో అమ్మమ్మనో అడగండి, "మా కాలంలో అవెక్కడివి?" అంటారు. ఈ రెండు తరాల మధ్య ఏం జరిగిందో మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. పోరాటం అనగానే మనకు జోడేఘాట్ గుర్తొస్తుంది, భూమి, అడవి గుర్తొస్తాయి. కానీ ప్రభుత్వ కాగితాల్లోని ఒక అంకె మీద కూడా పెద్ద పోరాటమే జరిగింది. ఒక ఊళ్లో ఎంతమంది ఉంటే అంగన్‌వాడీ ఇవ్వాలి అన్నదే ఆ అంకె.

ముందు పాత సంగతి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం, పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని 45వ అధికరణలో ప్రభుత్వాన్ని ఆదేశించింది. బడికి వెళ్లే వయసు రాని పసివాళ్లను చూసుకోవడానికి మాత్రం ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. బోర్డు స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చి బాలవాడీలను ప్రోత్సహించింది. మంచి పనే. అయితే సంస్థ ఉన్నచోటే బాలవాడీ ఉంటుంది. దారి కూడా లేని కొండ మీదికి ఏ సంస్థ వస్తుంది?

1970-71లో ప్రత్యేక పోషకాహార కార్యక్రమం మొదలైంది. పట్టణ మురికివాడలతో పాటు గిరిజన ప్రాంతాల్లోని ఆరేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతల కోసం పెట్టిన పథకం అది. 1974లో జాతీయ బాలల విధానం వచ్చింది. మరుసటి ఏడాది, 1975 అక్టోబరు 2న, దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే మనం ఐసీడీఎస్ అని పిలిచేది, ప్రయోగంగా మొదలైంది. వాటిలో గిరిజన ప్రాంతాల ప్రాజెక్టులూ ఉన్నాయి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం గురించి చెప్పడం, బడికి ముందు చదువు: ఈ ఆరు పనులూ ఒకే గూటి కింద పెట్టారు. ఆ గూడే అంగన్‌వాడీ.

ఇక్కడే మన కథలోకి ఆ అంకె వచ్చింది. మైదాన గ్రామాల్లో 1,000 మంది జనాభాకు ఒక కేంద్రం, గిరిజన ప్రాంతాల్లో 700 మందికి ఒకటి అన్నారు. కాగితం మీద చూస్తే మనకు 300 మంది సడలింపు ఇచ్చినట్టే ఉంటుంది. మన ఊళ్లు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకోండి. వాగుకు ఇవతల ఇరవై ఇళ్లు, అవతల ముప్పై ఇళ్లు. చెంచుల పెంటలు, కొలాముల గూడేలు, కొండరెడ్ల ఊళ్లు చాలావరకు అలాంటివే. అలాంటి నాలుగైదు గూడేలను కలిపితే గానీ 700 లెక్క తేలదు. కలిపాక కేంద్రం ఎక్కడికి వెళ్తుంది? రోడ్డు పక్కన ఉన్న పెద్ద ఊరికి. మూడేళ్ల పిల్ల వానాకాలంలో వాగు దాటి అక్కడికి వెళ్లగలదా? వెళ్లలేదు. పేరు రిజిస్టరులో ఉన్నా పిల్ల ఇంటి దగ్గరే ఉంటుంది. ఇది ఎవరో ఒకరి తప్పు కాదు. మన ఊరి రూపం తెలియని నిబంధన తెచ్చిన తిప్పలు.

ఈ పరిస్థితిని కదిలించింది ఒక కోర్టు కేసు. 2001లో రాజస్థాన్‌లో కరువు. ఒకపక్క గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే, మరోపక్క జనం ఆకలితో అలమటిస్తున్నారు. పౌరహక్కుల ప్రజా సంఘం, పీయూసీఎల్, సుప్రీంకోర్టుకు వెళ్లింది. తిండి లేకుండా జీవించే హక్కుకు అర్థమేముందన్నది వాళ్ల వాదన. 2001 నవంబరు 28న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆకలి తీర్చే పథకాలు ప్రజలకు దక్కాల్సిన హక్కులని, ప్రతి ఆవాసంలో అంగన్‌వాడీ ఉండాలని చెప్పింది. 2004 అక్టోబరులో మరో ఉత్తర్వులో, ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నింటికీ వీలైనంత త్వరగా కేంద్రాలు రావాలని, అంగన్‌వాడీ ఆహార సరఫరాలో కాంట్రాక్టర్లు ఉండకూడదని ఆదేశించింది.

మనం గుర్తు పెట్టుకోవాల్సిన రోజు 2006 డిసెంబరు 13. దేశంలో అంగన్‌వాడీల సంఖ్యను 14 లక్షలకు పెంచాలని, అందులో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ముందు చోటివ్వాలని ఆ రోజు కోర్టు చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. కేంద్రం లేని ఆవాసంలో ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉంటే, ఊరివాళ్లు అడిగిన మూడు నెలల్లోగా అంగన్‌వాడీ ఇవ్వాలి. అప్పటిదాకా ప్రభుత్వం ఇస్తే తీసుకునేది, ఆనాటి నుంచి మనం అడిగి తెచ్చుకునేది అయింది. నిబంధనలూ మారాయి. గిరిజన, కొండ ప్రాంతాల్లో 300 మంది ఉంటే పూర్తి కేంద్రం, 150 నుంచి 300 మంది ఉంటే మినీ అంగన్‌వాడీ. 700 ఎక్కడ, 150 ఎక్కడ!

2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు వయసుకు తగిన భోజనం స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా అందాలని, అందకపోతే ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. దీని విలువ తెలియాలంటే ఒకటి గమనించాలి. ప్రాథమిక హక్కుగా వచ్చిన విద్యాహక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే. ఆరేళ్లలోపు వాళ్ల చదువు ఇప్పటికీ ఆదేశిక సూత్రాల్లోనే ఉంది. పసివాళ్ల చేతిలో ఉన్న గట్టి చట్టం అన్నానికి సంబంధించినదే.

అంకె తగ్గగానే అన్నీ బాగుపడలేదు. మినీ కేంద్రంలో ఆయా పోస్టు ఉండేది కాదు. వంట చేసేది, బరువు తూచేది, రిజిస్టర్లు రాసేది, పాట నేర్పేది ఒక్కరే. 1975లో పదో తరగతి పాసైన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, పాస్ కాని వాళ్లకు 100 రూపాయలు ఇచ్చేవారు. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఆ మాట ఇప్పటికీ మారలేదు. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. కాబట్టి కేంద్రంలో లోటు కనబడితే ముందు ఆ అక్క మీద విరుచుకుపడకండి. ఆమెకు ఏం అందుతోందో, ఏం అందడం లేదో అడగండి.

నిబంధనల్లో మనకు మేలు చేసినదీ ఒకటుంది. కార్యకర్త స్థానిక మహిళే అయి ఉండాలి. ఈ పాఠం మన నేలకు కొత్త కాదు. 1943లో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండీలో వాచకాలు తయారు చేయించారు. 2013 నాటి జాతీయ శిశు విద్యా విధానం కూడా పసిపిల్లలతో ఇంటి భాషలోనే మాట్లాడాలంటోంది. మీ గూడెం కేంద్రంలో పిల్లలను ఏ భాషలో పలకరిస్తున్నారు? ఒకసారి వెళ్లి వినండి.

పని ఇంకా మిగిలే ఉంది. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో అత్యంత వెనుకబడిన ఆదివాసీ తెగల కోసం 2,500 అంగన్‌వాడీలు నిర్మించాలని పెట్టుకున్నారు. కేంద్రం చేరని గూడేలు ఇంకా ఉన్నాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా!

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుని గూడెంలో తిరగండి. ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమందో రాయండి. ఎవరికి ఆధార్ లేదో, ఎవరి పేరు రిజిస్టరులో లేదో చూడండి. ఆ జాబితాను గ్రామసభలో పెట్టండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సామాజిక రంగ సంస్థల మీద, వాటి ఉద్యోగుల మీద గ్రామసభకు, పంచాయతీకి అదుపు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. అంగన్‌వాడీ కూడా అందులోకే వస్తుంది. తీర్మానం రాయించి, నకలు మీ దగ్గర ఉంచుకుని, ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి.

మన పెద్దలకు ఆ అంకె తెలియదు, అందుకే అడగలేకపోయారు. మీకు తెలిసింది. ఇక లెక్కపెట్టండి.