అద్దం మీద రాసిన అంకె

డ్రాగ్ రేసింగ్ చరిత్రని వేగం చరిత్రగానే చెప్తుంటారు. నాకు మాత్రం వేగానికి కళ్ళెం వేసిన బ్రాకెట్ పోటీలంటేనే ఆసక్తి.

అమెరికాలో వీధి పందేలను ట్రాకుల మీదకి మళ్ళించాలని వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ స్థాపించాడు. పావు మైలు దూరం, రెండు కార్లు. ట్రాకైతే దొరికింది గానీ, ఇంజను మీద ఎక్కువ డబ్బు పోసినవాడిదే గెలుపు. కార్లను తరగతులుగా విడదీసినా అదే కథ.

1970లలో పుంజుకున్న బ్రాకెట్ పద్ధతి దీన్ని తిరగేసింది. తన కారు ఎన్ని సెకన్లలో గీత దాటుతుందో డ్రైవరే ముందుగా అద్దం మీద రాయాలి. 14 సెకన్ల కారుకి 11 సెకన్ల కారు కన్నా 3 సెకన్ల ముందే పచ్చదీపం వెలుగుతుంది. 1963లో వచ్చిన 'క్రిస్మస్ ట్రీ' దీపాలతో ఇది తేలికైంది. మరి కావాలనే నెమ్మదైన అంకె రాస్తే? రాసినదానికన్నా ముందే గీత దాటినవాడు ఓడినట్టే. ఇద్దరూ అలాగే దాటితే, తక్కువ తేడాతో దాటినవాడిది గెలుపు.

డబ్బు ఊరుకుంటుందా? కారు కదిలే క్షణాన్ని లెక్కగట్టే 'డిలే బాక్స్' వచ్చింది. దాంతో చాలాచోట్ల ఆ పెట్టె ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ పోటీలు వేరుచేశారు. అయినా రోజూ పనికి వెళ్ళే కారుతోనే ఇంకా పోటీకి దిగగలుగుతున్నారంటే, అది అద్దం మీది అంకె చలవేనంటాను.