నాగార్జునకొండ: జలవిద్యుత్తు, చట్టం, వారసత్వం

నరసరావుపేట: ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లిన లోయలో నేడు కృష్ణమ్మ నీరు నిండి ఉన్నది. పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని నాగార్జునకొండ ఆ జలాశయంలో దీవిగా మిగిలినది. 1926లో వెలుగుచూసిన ఈ బౌద్ధ క్షేత్రం మునగనున్నందున భారత పురావస్తు శాఖ 1954 నుండి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపినది. ఎంపిక చేసిన కట్టడాలను కొండపైన, అనుపు వద్ద పునర్నిర్మించారు. కొన్నింటికి నమూనాలు చేయించారు. తక్కినవి నీటి అడుగునే ఉన్నవి.

ఈ మునకకు విద్యుత్తునే కారణంగా చూపుట సరికాదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది ప్రధానంగా సాగునీటి కొరకు. 1967లో కాలువలకు నీరు వదలగా, 815.6 మెగావాట్ల ప్రధాన విద్యుత్ కేంద్రంలో తొలి యూనిట్ 1978లో గాని ప్రారంభం కాలేదు.

అయితే 25 మెగావాట్లకు మించిన జలవిద్యుత్తును సైతం కేంద్ర ప్రభుత్వం 2019 మార్చిలో పునరుత్పాదక ఇంధనంగా గుర్తించుటతో పాత ప్రశ్న మరల ముందుకు వచ్చినది. పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించుట రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్ల విధి అని 2003 విద్యుత్ చట్టం 86వ సెక్షన్ నిర్దేశించినది. జలవిద్యుత్ పథకాల పరిశీలనలో తాగునీరు, సేద్యం, నౌకాయానం, వరద నివారణ, ఇతర ప్రజా ప్రయోజనాలను 8వ సెక్షన్ పేర్కొన్నది. స్మారకాల పేరు అందులో లేదు.

స్మారకాల రక్షణకు ఆధారం 1958 నాటి ప్రాచీన స్మారకాల చట్టం. 2010 సవరణ ప్రకారం రక్షిత హద్దు నుండి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ కొలతలు నిర్మాణ స్థలానికి వర్తించునవి; కిలోమీటర్ల దూరాన కట్టిన ఆనకట్ట వెనుక నిలుచు నీటిని ఇవి కొలవవు. పైగా ఈ రక్షణ ప్రకటిత స్మారకాలకే. నాగార్జునకొండలో పెక్కు కట్టడాల ఉనికి తవ్విన పిమ్మటనే తెలిసినది.