పాత కార్ల హెచ్చరిక దీపాలు

ఇంజిన్, ఛార్జింగ్, బ్రేకుల లోపాలను డ్రైవరుకు తెలిపే డాష్‌బోర్డు గుర్తులు. ఎరుపు వెలిగితే బండి ఆపాలి; పసుపైతే త్వరగా మెకానిక్కుకు చూపించాలి.

ఇంజిన్‌కు అన్నిటిలో ప్రమాదకరమైనది ఆయిల్ దీపం. అది వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపి, డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ సరిపడా ఉంటే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్‌లో ఉంచి ప్రెషర్ స్విచ్ వైరు ఊడదీయాలి. అప్పుడూ దీపం వెలుగుతుంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నట్టు. ఆరిపోతే మాత్రం, తప్పు స్విచ్‌దో, నిజంగా ప్రెషరే పడిపోయిందో గేజి పెట్టి కొలిచాకే తేలుతుంది. కొలవకుండా స్విచ్ మార్చేసి బండి నడపడం ఇంజిన్‌ను చేజేతులా పోగొట్టుకోవడమే.

మండపేట వంటి గోదావరి డెల్టా పట్టణాల్లో గాలిలో తేమ ఎక్కువ. కప్లర్లలో పచ్చటి చిలుము పట్టి, సెన్సర్ బాగున్నా దీపం వెలగవచ్చు. కొత్తది కొనేముందు కప్లర్‌నూ, ఎర్త్ వైరు బిగింపునూ శుభ్రం చేసి చూడాలి.

సెన్సర్ మార్చక తప్పకపోతే, అది దొరకడమే చిక్కు: అంబాసిడర్, మారుతీ 800 రెండింటి తయారీ 2014లో ఆగిపోయింది. 800లో ఉన్న 796 సీసీ ఇంజిన్‌తోనే ఓమ్ని 2019 దాకా వచ్చింది గనుక 800 యజమానులకు కొంత వెసులుబాటు. అంబాసిడర్‌కైతే విజయవాడ ఆటోనగర్ పాత సామాను దుకాణాల్లో వెతుక్కోవాలి. ఊడదీసిన సెన్సర్‌ను వెంట తీసుకెళ్లి, పార్టు నంబరు, మర, పిన్నులు సరిచూసుకునే కొనండి.