భయపెట్టబోయి నవ్వించిన 30 సెకన్లు

తెలుగు సినిమా హాల్లో హీరో పేరు పడకముందే ప్రేక్షకులంతా గొంతు కలిపి చెప్పిన డైలాగ్ ఒకటుంది: ‘ఈ నగరానికి ఏమైంది?’ అది ఏ సినిమా రచయితా రాసింది కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ వారి పొగాకు వ్యతిరేక ప్రకటనలోది. జనాన్ని భయపెట్టాలని తీస్తే, ఈలల మధ్య, నవ్వుల మధ్య ఊరూరా పాకిపోయింది.

మన దేశంలో సిగరెట్ ప్రకటనలను 2003 నాటి చట్టం నిషేధించింది. తెర మీద హీరో మాత్రం వెలిగిస్తూనే ఉన్నాడు. అందుకే 2012 అక్టోబర్ 2 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. సినిమాలోగానీ టీవీ కార్యక్రమంలోగానీ పొగాకు వాడే దృశ్యం ఉంటే మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి కనీసం 30 సెకన్ల ప్రకటన వేయాలి. ఆ దృశ్యం నడుస్తున్నంతసేపూ తెర మీద హెచ్చరిక ఉండాలి. తన సినిమా మీద ఆ అక్షరాలు పడటానికి ఒప్పుకోని హాలీవుడ్ దర్శకుడు వుడీ అలెన్ 2013లో ‘బ్లూ జాస్మిన్’ను ఇక్కడ విడుదల కానివ్వలేదు.

తొలి రోజుల్లో అందరికీ గుర్తుండిపోయినవి రెండు. ఒకటి ‘స్పాంజ్’. ఊపిరితిత్తులను స్పాంజితో పోల్చి, దాన్ని పిండితే నల్లటి తారు కారడం చూపిస్తుంది. ఆ ఆలోచన ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. రెండోది ‘ముకేష్’. ‘నా పేరు ముకేష్’ అంటూ ఆసుపత్రి నుంచి మాట్లాడిన ఆ మహారాష్ట్ర యువకుడు నటుడు కాడు. గుట్కా వల్ల నోటి క్యాన్సర్ వచ్చి 2009లో, 24 ఏళ్లకే చనిపోయాడు. ప్రకటన హాళ్లకు చేరేనాటికి ఆయన లేడు. అయినా కుర్రాళ్లు ఆ మాటలను అనుకరించారు, మీమ్‌లు చేశారు.

వాళ్లను కఠినాత్ములనడం అన్యాయం. వారం వారం అదే ప్రకటన, అదే డబ్బింగ్ గొంతు. మొదటిసారి గుండె జల్లుమనిపించింది పదోసారికి కంఠతా వచ్చేసింది. 2013 అక్టోబర్‌లో పాతవాటి స్థానంలో వచ్చిన ‘ధువా’దీ అదే దారి. ‘ఈ నగరానికి...’ అంటూ గంభీరంగా మొదలయ్యే గొంతు అందులోదే. 2018లో తరుణ్ భాస్కర్ నలుగురు స్నేహితుల కథకు ఆ మాటనే పేరుగా పెట్టారు. పోస్టర్ చూడగానే తెలుగువాళ్లు నవ్వారు. ప్రభుత్వ ప్రకటనకు ఇంతకు మించిన ప్రచారం ఉండదు. కానీ ఆ నవ్వులో పొగాకు ఎక్కడుంది?

2014లో వచ్చిన ‘సునీత’ను మాత్రం నవ్వుతూ చూడటం కష్టం. మధ్యప్రదేశ్‌కు చెందిన ఆ ఇద్దరు పిల్లల తల్లి శస్త్రచికిత్సతో మారిపోయిన ముఖంతోనే కెమెరా ముందుకొచ్చింది. పొగాకు పెట్టెల మీద బొమ్మల హెచ్చరిక 85 శాతం మేర ఉండాలన్న నిబంధన 2015 ఏప్రిల్ 1న అమలు కావాల్సి ఉండగా ప్రభుత్వం వాయిదా వేసింది. వాయిదా వద్దని ఆమె ప్రధానికి లేఖ రాసింది. సరిగ్గా ఆ ఏప్రిల్ 1నే కన్నుమూసింది, 28 ఏళ్లకు. నిబంధన ఏడాది తర్వాత అమలైంది.

దేశంలో పొగాకు వాడే పెద్దలు 2009-10లో 34.6 శాతం ఉంటే 2016-17 నాటికి 28.6 శాతానికి తగ్గారు. ఇందులో ప్రకటనల వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ధరలు, గుట్కా నిషేధాలు కూడా పనిచేశాయి.

డబ్బింగ్ ప్రకటనలు తాకని అలవాటు ఒకటి మన ఉత్తరాంధ్రలోనే ఉంది. అది అడ్డపొగ. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు తీరగ్రామాల ఆడవాళ్లలో ఎక్కువ. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. 1970ల చివర్లో పరిశోధకులు శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడకందారులను ఎంచుకున్నారు. నోరు పరీక్షించి ఒక్కొక్కరికీ నచ్చజెప్పారు, సినిమాలు వేశారు, పోస్టర్లు అంటించారు. మానేసినవాళ్లు మునుపటికన్నా పెరిగారని 1986లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. అప్పుడు మాట్లాడింది ఎదురుగా కూర్చున్న మనిషి. సినిమా హాలుకు కూడా అలాంటి గొంతే కావాలి. అడ్డపొగ మానేసిన ఓ శ్రీకాకుళం అవ్వను తన యాసలోనే 30 సెకన్లు మాట్లాడనిస్తే, ఆరోగ్య శాఖకు అయ్యే ఖర్చు డబ్బింగ్ కన్నా పెద్దగా ఎక్కువేమీ కాదు.