మాటకు పాట: శోధన ప్రకటనల చరిత్ర

గోదావరి పాయల మీద వంతెనలు పెరగక మునుపు, లంకలకూ కోనసీమకూ రేవే ద్వారం. రేవు ఉన్నచోట రేవు వేలమూ ఉండేది. నర్సాపురం-సఖినేటిపల్లి రేవు వంటి పెద్దవాటికే కాదు, చిన్న చిన్న పడవరేవులకూ వేలం తప్పేది కాదు. ముందుగా ధరావతు కట్టాలి. సర్కారువారి పాటతో వేలం మొదలవుతుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. హెచ్చుపాటదారుకు రేవు దక్కుతుంది. వేలంలో ధర చెప్పడాన్ని మన భాష "పాడడం" అంటుంది. ఈ క్రియాపదం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది.

ఇరవయ్యవ శతాబ్ది ముగియబోతున్న వేళ అమెరికాలో కొందరు ఇటువంటి వేలమే పెట్టారు. అయితే వారు వేలం వేసినది రేవును కాదు, మాటను.

అంతకు మునుపు ప్రకటన అంటే చోటుకు అద్దె. పత్రికలో ఇన్ని అంగుళాలకు ఇంత అని లెక్క. వర్గీకృత ప్రకటనల్లోనైతే మాటకింత. కాని అక్కడ అన్ని మాటలదీ ఒకటే ధర. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడినుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. సంగీత సభల్లో ఆ మందును ఉచితంగా పంచి పేరు తెచ్చారని చెబుతారు. తలనొప్పి ఉన్నవాడెవడో, లేనివాడెవడో తెలియదు కనుక అందరికీ పంచవలసిందే. పాత ప్రకటనల బలహీనత అంతా ఇందులోనే ఉంది.

శోధన యంత్రం ఈ చిక్కును తొలగించింది. తలనొప్పి ఉన్నవాడే వచ్చి "తలనొప్పి" అని అడుగుతాడు. 1998లో బిల్ గ్రాస్ స్థాపించిన గోటూ సంస్థ ఆ మాటనే వేలానికి పెట్టింది. ఎవరు ఎక్కువ పాడితే వారు పైన. చూసినందుకు కాదు, నొక్కినందుకే డబ్బు. 2001లో అది ఓవర్చర్ అయింది. 2003లో యాహూ దానిని కొన్నది.

గోటూ పద్ధతిలో ఒక లోపముండేది. పాడినంతా కట్టాలి. పక్కవాడి పాట కనబడుతూనే ఉంటుంది కనుక, వాడికన్నా ఒక్క సెంటు ఎక్కువ పాడడం, వాడు మళ్ళీ పెంచడం, కొంతదూరం పోయాక ఒకడు విసిగి దిగిపోవడం, ఆపై రెండోవాడూ దిగడం. పగలూ రాత్రీ ఇదే తంతు. మన రేవు వేలంలో ఈ బాధ లేదు. రెండోవాడు ఆగిపోయిన చోటికి ఒక మెట్టు పైన గెలిచినవాడు ఆగుతాడు. తన మనసులోని గరిష్ఠ ధర కట్టనవసరం లేదు. విలియం విక్రీ 1961లో ఈ సూత్రాన్ని సీలు కవర్ల వేలానికి అన్వయించి విశ్లేషించాడు. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

గూగుల్ 2000 అక్టోబరులో ఆడ్‌వర్డ్స్ ప్రారంభించినప్పుడు వెయ్యి దర్శనాలకింత అని వసూలు చేసేది. 2002లో నొక్కుకింత అనే వేలానికి మారింది. ఓవర్చర్ పేటెంటు దావా వేసింది. 2004లో గూగుల్ 27 లక్షల వాటాలు యాహూకిచ్చి రాజీ పడింది. అయితే గూగుల్ చేర్చిన కొత్తదనం వేరు. పాటను, ప్రకటనను జనం నొక్కే రేటుతో హెచ్చించింది. ఒకడు 20 రూపాయలు పాడి, నూటికి ఒక్కరిని రప్పిస్తాడనుకోండి. మరొకడు 12 పాడి, ఇద్దరిని రప్పిస్తాడు. మొదటివాడి వల్ల నూరు దర్శనాలకు 20 రూపాయలు, రెండోవాడి వల్ల 24. అందుచేత రెండోవాడే పైన. అతడు కట్టేది 12 కూడా కాదు, మొదటివాణ్ణి దాటేందుకు చాలినంత, అంటే 10 రూపాయల పైచిలుకు. రేవు వేలంలో పడవ బాగుందో లేదో ఎవరూ అడగరు. ఇక్కడ అడిగారు.

ఇక ఏ పద్ధతి లాభం? కౌలు తెలిసినవారికి ఇది కొత్త కాదు. వెయ్యి దర్శనాలకింత అనేది మక్తా. వరదొచ్చినా పంట పోయినా కట్టవలసిందే. అమ్మకం జరిగితేనే ఇవ్వడం పంటలో పాలు. నొక్కుకింత అనేది రెంటికీ నడుమ.

ఆత్రేయపురం పూతరేకుల వ్యాపారికి పెట్టెకు 60 రూపాయలు మిగులుతాయనుకుందాం. నొక్కు 4 రూపాయలు. నూరుమందిలో అయిదుగురు కొన్నారు. ఖర్చు 400, మిగులు 300. నష్టమే. చిన్న శోధన యంత్రంలో నొక్కు 2 రూపాయలే, కాని వచ్చినవారు ఇరవైమందే, ఒకరు కొన్నారు. ఖర్చు 40, మిగులు 60. రూపాయికి ఫలం ఇక్కడే ఎక్కువ, కాని దానితో దుకాణం నడవదు. చవక రేవులో ప్రయాణికులు తక్కువ.

మాటల ఎంపికలోనూ మోసముంది. కడియం మొక్కల వ్యాపారి "నర్సరీ" అన్న మాటను పాడుకుంటే, పిల్లల బడికోసం, బాలగేయాలకోసం వెతికేవారి నొక్కులకూ అతడే డబ్బు కట్టాలి. అక్కరలేని మాటలను ముందే తోసిపుచ్చడం ఈ వ్యాపారంలో సగం విద్య.

ఇదంతా ఇంగ్లీషు మాటల సంగతి. తెలుగు మాట సంగతేమిటి? 2003లో గూగుల్ ఆడ్‌సెన్స్ వచ్చింది. ఇతరుల పుటలమీద ప్రకటనలు వేసి రచయితకు వాటా ఇచ్చే ఏర్పాటు అది. దాని భాషల జాబితాలో హిందీ 2014లో చేరింది. తెలుగు చేరినది 2018లో. యూనికోడు తెలుగులో మనమంతా టపాలు రాసుకున్న తొలి ఏళ్ళలో మన మాటకు సర్కారువారి పాట కూడా లేదు. అది అవమానమా, అదృష్టమా? నాకు రెండూ అనిపిస్తుంది. ధర లేదు కనుకనే ఆ రోజుల్లో ఛందస్సు గురించి, తాతగారి ఉత్తరాల గురించి లెక్క చూసుకోకుండా రాశాము. ధర లేదు కనుకనే ఎందరో కొన్నాళ్ళకు ఆపేశారు కూడా.

వేలం వేసేవాడే ఒక్కడైతే ఏమవుతుందన్నది చివరి ప్రశ్న. 2024 ఆగస్టులో అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా, గూగుల్ శోధనలో చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకున్నదని తీర్పిచ్చారు. పోటీ భయం లేకుండా ప్రకటనల ధరలు పెంచగలిగిందనీ అందులో ఉంది. నదికి ఒక్కటే రేవున్నప్పుడు పాటదారు కట్టిన సొమ్మంతా చివరకు పడవెక్కినవారి మీదే పడుతుంది. పూతరేకుల పెట్టె ధరలో ఆ రేవు పన్ను కొంత మనమూ కడుతున్నాం.