గాజుపాత్రలో పెరిగిన చర్మము

విశాఖపట్నపు జాలరిపేటలో వలకు చిక్కు సొరచేపను ఎరుగనివారుండరు. దాని కాలేయపు నూనెలో 'ఎ' విటమిను సమృద్ధిగా నుండును. అది కొరవడిన రేచీకటి కలుగును. చర్మము పొడిబారి గరుకెక్కును. కాని చర్మముపై దాని ప్రభావమెట్టిదో దేహమునందే తేల్చుట కష్టము. ఆహారము, రక్తము, గ్రంథుల స్రావములు అన్నియు అచ్చట కలిసి పనిచేయును. అందుచే శాస్త్రజ్ఞులు చర్మమును దేహమునుండి వేరుచేసి గాజుపాత్రలో పెంచజూచినారు.

1953లో కేంబ్రిడ్జిలో హానర్ ఫెల్, ఎడ్వర్డ్ మెలాన్బీ కోడిపిండపు చర్మమునకు 'ఎ' విటమినును మిక్కిలిగా అందించినారు. అది గట్టిపడుటకు మారుగా జిగురును స్రవించు పొరగా మారినది. 1955లో అమెరికాలో హారీ ఈగిల్, పాత్రలోని కణములు ఏయే విటమినులు లేనిదే బ్రతుకజాలవో నిరూపించినాడు. అందొకటి ఫోలిక్ ఆమ్లము.

ఈ పేరు వినగనే తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావు స్మరణకు వచ్చును. ఆయన 1895లో భీమవరమున జన్మించినారు. స్ప్రూ అను గ్రహణివ్యాధి ఆయన సోదరుల నిద్దరిని పొట్టనబెట్టుకొన్నది. ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది ఆ స్ప్రూకే మందైనది. దానిని పోలియుండియు దాని పనికి అడ్డుతగులు అమినోప్టెరిన్ సైతము అచ్చటనే పుట్టినది. ఒక కణము రెండగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అది పనిచేయనిచో పెరుగుదల ఆగును. చర్మకణములు మితిమీరి పెరుగు సోరియాసిస్ ఈ మందుతో తగ్గుట వైద్యులు 1951లో ప్రకటించినారు. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు ఆ ఫలితమును చూడలేదు.

మానవచర్మపు పైపొర కణములు మాత్రము పాత్రలో చిరకాలము పెరుగలేదు. 1975లో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ ఎలుకకణముల తోడునిచ్చి వానిని తరతరములుగా పెంచగలిగినారు. అధివృక్కగ్రంథి హార్మోనగు హైడ్రోకార్టిసోన్ చేర్చగా కణములు మరింత క్రమముగా అమరినవి. పెరుగుదలయు కొంత హెచ్చినది. 1981లో ఎలేన్ ఫుక్స్, గ్రీన్ పోషకద్రవమునుండి 'ఎ' విటమినును తొలగించి చూచినారు. కణములు పొరలుగా గట్టిపడినవి. తిరిగి చేర్చగా ఆ గట్టిదనము తగ్గినది. కోడిపిండము చెప్పిన సంగతినే మానవకణమును చెప్పినది.

ఇవి కేవలము పండితుల వినోదములు కావు. 1983లో అమెరికాలో దేహము నూటికి తొంబదియైదు పాళ్లకు మించి కాలిన ఇద్దరు బాలురకు, మిగిలిన చర్మపు చిన్నతునకలనుండి పాత్రలో పెంచిన పొరలనే కప్పి ప్రాణము నిలిపినారు. విటమినైనను హార్మోనైనను తగుపాళ్లలో నున్ననే మేలు. పాత్రలోని కణము నేర్పిన పాఠమిదియే.